నడవడిక ఎక్కడ జారుతుంది, ఎక్కడ నిలబడుతుంది

ఎవరినైనా మీరు మంచివాళ్ళేనా అని అడిగితే దాదాపు అందరూ అవుననే చెప్తారు, అలా చెప్పడంలో అబద్ధం కూడా ఏమీ ఉండదు, ఎందుకంటే మంచీ చెడూ అనగానే మన బుర్రలోకి వచ్చేవన్నీ పెద్ద పెద్ద విషయాలే, దొంగతనం, మోసం, లంచం, హత్య, ఇవేవీ మనం చేయలేదు కాబట్టి మనం మంచివాళ్ళమే అని లెక్క తేలిపోతుంది. కానీ మామూలు మనిషికి మామూలు రోజులో ఇంత పెద్ద పరీక్షలు రావు. ఇంట్లోంచి ఇంకా కదలకుండానే ఫోన్లో "దారిలో ఉన్నా, వచ్చేస్తున్నా" అనడం, పక్క సీటు మనిషి రాత్రంతా కూర్చుని చేసిన పనిని బాస్ మన ముందు మెచ్చుకుంటుంటే ఎవరు చేశారో చెప్పకుండా చిన్నగా నవ్వి ఊరుకోవడం, నిజమో కాదో తెలియని మెసేజ్ ఎవరి పరువో తీసేలా ఉన్నా సరే నలుగురికి ఫార్వర్డ్ చేసేయడం, బయట ఎవరి మీదో ఉన్న చిరాకు ఇంటికొచ్చి పిల్లల మీద చూపించడం, వచ్చేవి ఇలాంటివి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఏమంత పెద్దవి కావు, ఎవరూ కేసు పెట్టరు. అయినా ఒక మనిషి ఎలాంటివాడో చుట్టూ ఉన్నవాళ్ళకి తెలిసేది మాత్రం వీటిల్లోంచే.

అసలు తెలుగులో ఈ సంగతి మాట్లాడుకుందామంటే మనకున్న మాటలే కొంచెం ఇబ్బంది పెడతాయి. శీలం అనేది నిజానికి చాలా విశాలమైన మాట. బౌద్ధంలో పంచశీలాలు అంటే ప్రాణం తీయకపోవడం, ఇవ్వనిది తీసుకోకపోవడం, లైంగికంగా తప్పు దారి పట్టకపోవడం, అబద్ధం ఆడకపోవడం, మత్తుకి దూరంగా ఉండటం, ఈ 5 కలిపి. ఆ మాటని వాడి వాడి చివరికి ఆ ఐదింటిలో ఒక్కదానికే, అదీ ఎక్కువగా ఆడవాళ్ళ విషయంలోనే వాడే స్థితికి తెచ్చేశాం. క్యారెక్టర్ అనే ఇంగ్లీష్ మాటకి కూడా మన దగ్గరకొచ్చాక అదే గతి పట్టింది. రోజూ అబద్ధాలాడుతూ పక్కవాళ్ళ కష్టాన్ని తన పేరు మీద రాసుకునే మనిషిని శీలం లేనివాడు అని ఎవరూ అనరు, అనాల్సింది అసలు అతన్నే. అందుకే ఇక్కడ నడవడిక, నడత అనే మాటలు వాడటం మేలు. ఇవి నడకలోంచి పుట్టిన మాటలు, నడక అంటే ఒకసారి సంపాదించి లోపల దాచుకునే ఆస్తి కాదు కదా, నిన్న ఎంత దూరం నడిచినా ఇవాళ అడుగు ఇవాళే వేయాలి. క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ చెప్పింది కూడా దాదాపు ఇదే, గ్రీకులో గుణానికి వాడే మాట అలవాటు అనే మాటని కొంచెం మార్చితే వచ్చిందని ఆయన గుర్తు చేశాడు, ఇళ్ళు కట్టి కట్టి మేస్త్రీ అయినట్టే న్యాయమైన పనులు చేసి చేసి మనిషి న్యాయంగా ఉండేవాడు అవుతాడన్నాడు. ముందు మంచివాడై తర్వాత మంచి పనులు మొదలుపెట్టడం కాదన్నమాట, వరస తిరగబడి ఉంటుంది.

మంచితనం లోపల ఒక ముద్దలా ఉంటుందని, ఉన్నవాళ్ళు అన్ని చోట్లా మంచిగా ఉంటారని, లేనివాళ్ళు ఎక్కడా ఉండరని మనందరికీ ఒక నమ్మకం ఉంది. దీన్ని గట్టిగా పరీక్షించిన మొదటి పెద్ద ప్రయత్నం 1920ల్లో అమెరికాలో జరిగింది. హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే అనే ఇద్దరు పరిశోధకులు దాదాపు 11,000 మంది బడి పిల్లలకి రకరకాల పరిస్థితులు కల్పించి చూశారు, పరీక్షలో కాపీ కొట్టే అవకాశం, ఆటలో స్కోర్ పెంచి చెప్పే అవకాశం, చిల్లర డబ్బులు జేబులో వేసుకునే అవకాశం, ఇలా. రిజల్ట్ చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. క్లాసులో కాపీ కొట్టిన పిల్లల్లో కొందరు డబ్బు దగ్గర నిజాయితీగా ఉన్నారు, డబ్బు ముట్టనివాళ్ళలో కొందరు ఆట దగ్గర మోసం చేశారు, ఒక చోట ఎలా ఉన్నారో చూసి ఇంకో చోట ఎలా ఉంటారో చెప్పడం చాలా కష్టమైంది. తర్వాత వచ్చినవాళ్ళు అదే లెక్కలు మళ్ళీ తిరగేసి, చాలా సందర్భాలు కలిపి చూస్తే మనిషికీ మనిషికీ కొంత తేడా నిలకడగా కనిపిస్తుందని కూడా చెప్పారు, కాబట్టి నడవడిక అనేదే లేదు అనేయడం తప్పు. కానీ అది ముద్దగా మాత్రం లేదు. డబ్బు విషయంలో పైసా తేడా రానివ్వని మనిషి ఇచ్చిన మాట విషయంలో ఎంత వదులుగా ఉంటాడో చూస్తే ఇది అర్థమవుతుంది, ఆ మనిషి తనని తాను నిజాయితీపరుడనే అనుకుంటాడు, డబ్బు దగ్గర ఉన్న పేరుతో మాట దగ్గర తప్పుని కప్పేసుకుంటాడు. ఎవరికి వాళ్ళు నేను మంచివాడినా అని అడుగుకుంటే ఉపయోగం లేదు, ఏ చోట జారతాను అని అడుగుకుంటేనే ఏమైనా పనికొచ్చే జవాబు వస్తుంది.

జారే చోట్లలో అందరికీ ఉమ్మడిగా ఉన్నది తొందర. దీని మీద 1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ ప్రిన్‌స్టన్‌లో చేసిన ప్రయోగం చాలామందికి తెలిసే ఉంటుంది కానీ దాన్ని పైపైన చెప్పి వదిలేస్తుంటారు, కొంచెం ఆగి చూడాల్సిన విషయం అది. మతబోధకులు కావడానికి చదువుకుంటున్న 40 మంది విద్యార్థుల్ని తీసుకున్నారు, పక్క బిల్డింగ్‌కి వెళ్ళి చిన్న ప్రసంగం ఇవ్వాలి అన్నారు, సగం మందికి ఇచ్చిన టాపిక్ ఏంటంటే బైబిల్లో దారిన పడి ఉన్న పరాయి మనిషిని ఆదుకున్న సమరయుడి కథ. కొందరికి ఇంకా టైమ్ ఉందన్నారు, కొందరికి సరిగ్గా టైమ్‌కి సరిపోతుందన్నారు, కొందరికి ఇప్పటికే లేటయింది పరిగెత్తండి అన్నారు. దారిలో ఒక మనిషి గుమ్మం దగ్గర వాలిపోయి దగ్గుతూ మూలుగుతూ ఉన్నాడు. టైమ్ ఉన్నవాళ్ళలో 63 శాతం మంది ఆగారు, మధ్యవాళ్ళలో 45 శాతం, లేటయిందన్నవాళ్ళలో 10 శాతం. సమరయుడి కథ చెప్పడానికి వెళ్తున్నారా ఇంకేదైనా చెప్పడానికి వెళ్తున్నారా అన్నదానికి పెద్ద తేడా రాలేదు, కొందరైతే ఆ కథ చెప్పడానికి వెళ్తూ ఆ మనిషిని దాటుకుని మరీ వెళ్ళిపోయారు.

దీన్ని చూసి మనుషులంతా ఇంతే, చెప్పేదొకటి చేసేదొకటి అని తీర్పు చెప్పేయడం సులువు, కానీ అది సరైన పాఠం కాదు. ఆగకుండా వెళ్ళిపోయినవాళ్ళలో చాలామంది అవతలికి చేరేసరికి కంగారుగా, ఇబ్బందిగా ఉన్నారని పరిశోధకులే రాశారు, వాళ్ళకి జాలి లేక కాదు, ఎదురుచూస్తున్నవాళ్ళకి మాటిచ్చాం అనే ఒత్తిడి ఇటు, పడి ఉన్న మనిషి అటు, రెండిటి మధ్యా నలిగి ముందు ఒప్పుకున్నదాని వైపు వెళ్ళిపోయారు. మన రోజుల్లో జరిగేది కూడా సరిగ్గా ఇదే. పొద్దున పది నిమిషాలు లేటుగా లేచిన మనిషి ఆ రోజంతా ఎంత మందితో ఎలా మాట్లాడాడో చూడండి, తయారవ్వని పిల్లాడిని కసిరాడు, బండి మీద వెళ్తూ ముసలాయన రోడ్డు దాటుతుంటే హారన్ కొట్టాడు, లేటెందుకైంది అంటే ట్రాఫిక్ అని అబద్ధం చెప్పాడు, కింద పనిచేసేవాళ్ళు ఏదో అడిగితే మొహం చూడకుండా జవాబిచ్చాడు. ఇన్ని చిన్న తప్పులకి వేరు ఒక్కటే. అందుకని పది నిమిషాలు ముందు బయల్దేరడం, రోజులో పట్టేదాని కంటే తక్కువ పనులు ఒప్పుకోవడం, వీటిని టైమ్ మేనేజ్‌మెంట్ కింద పడేసి వదిలేయకూడదు, ఇవి సూటిగా నడవడిక విషయాలు. తీరిక లేని మనిషి దగ్గర దయ ఉన్నా బయటికి రావడానికి దానికి చోటుండదు.

అన్నిటికీ సరే అనేసే మంచితనం కూడా ఇక్కడే దెబ్బ తీస్తుంది. ఎవరేం అడిగినా కాదనలేక తలూపేవాళ్ళని చూసి ఎంత మంచి మనిషో అంటాం, ఆ మనిషి ఐదుగురికి మాటిచ్చి ముగ్గురికి తప్పుతాడు, తప్పినప్పుడు ఏదో ఒక సాకు అల్లాల్సి వస్తుంది, ఆ సాకు గుర్తుపెట్టుకోడానికి ఇంకో సాకు. మొహమాటానికి ఒప్పుకోవడం అనేది అప్పటికి మర్యాదగా కనిపిస్తుంది, నిజానికి అక్కడ జరిగేది అవతలివాళ్ళ నిరాశని ఇవాళ్టి నుంచి వచ్చే వారానికి వాయిదా వేయడమే, పైగా అప్పటికి వాళ్ళు వేరే దారి చూసుకునే టైమ్ కూడా మించిపోయి ఉంటుంది. ఇప్పుడే "నా వల్ల కాదండీ, వేరే ఎవరినైనా చూసుకోండి" అనడం వినడానికి కటువుగా ఉన్నా అడిగినవాళ్ళకి చేసే మేలు అదే.

రెండో చోటు గుంపు. తిలా పాపం తలా పిడికెడు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. 1968లో ఇదే డార్లీ, బిబ్ లాటనే అనే ఇంకో పరిశోధకుడు కలిసి చేసిన ప్రయోగంలో, ఇంటర్‌కామ్‌లో ఒక మనిషికి ఫిట్స్ వస్తున్నట్టు వినిపించినప్పుడు ఆ గొంతు వింటున్నది తాను ఒక్కడినే అనుకున్నవాళ్ళలో 85 శాతం మంది అది ఆగేలోపే లేచి వెళ్ళి చెప్పారు, ఇంకో నలుగురు కూడా వింటున్నారు అనుకున్నవాళ్ళలో 31 శాతమే. ఇక్కడ కూడా కదలనివాళ్ళు రాతి మనుషులేం కాదు, చేతులు వణుకుతూ చెమటలు పట్టి కూర్చున్నారు. ఎవరో ఒకరు చేస్తారులే అన్నది పైకి చెప్పే మాట కాదు, అది ఒంట్లో తనంతట తనే జరిగిపోతుంది. గ్రూపుల్లో ఎవరినైనా పట్టుకుని ఏడిపిస్తుంటే 40 మంది చూస్తూ ఉండిపోవడం, మీటింగ్‌లో ఒక మనిషి మీద లేని తప్పు వేస్తుంటే తెలిసినవాళ్ళు ఫోన్ వైపు చూసుకోవడం అన్నీ దీని పిల్లలే. దీనికి మందు చాలా చిన్నది, గుంపులో ఉన్నప్పుడు ఇక్కడ నేనొక్కడినే ఉంటే ఏం చేసేవాడిని అని ఒకసారి అనుకోవడం, సాయం కావాల్సి వచ్చినప్పుడు అందరినీ ఉద్దేశించి అరవకుండా ఒకరిని చూపించి "ఎర్ర చొక్కా వేసుకున్న మీరే, అంబులెన్స్‌కి ఫోన్ చేయండి" అనడం.

అన్నిటికంటే లోతుగా చూడాల్సింది మాత్రం మనకి మనం చెప్పుకునే మాటల సంగతి. మనిషి తప్పు చేసేటప్పుడు నేను ఇప్పుడు తప్పు చేస్తున్నాను అనుకుంటూ చేయడు, ముందు దానికి వేరే పేరు పెట్టుకుంటాడు. సైకాలజిస్ట్ ఆల్బర్ట్ బందూరా దీని మీద చాలా ఏళ్ళు పనిచేసి, మనసు తన సొంత కాపలాని ఎలా పక్కకి తప్పిస్తుందో 8 దారులుగా విడదీసి చూపించాడు. వాటి పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, మన నోట్లోంచి వచ్చే వాక్యాలు గుర్తుపడితే చాలు. "అందరూ చేసేదే కదా." "పైవాళ్ళు చెప్పారు, నేను చేశాను." "వాళ్ళు చేసిన దానితో పోలిస్తే ఇదెంత." "దీనివల్ల ఎవరికి నష్టం ఇప్పుడు." "వాడికి అలాగే కావాలి." "పిల్లల కోసం చేశాను." ఇంకా సూక్ష్మంగా, పని పేరే మార్చేయడం ఉంటుంది, అబద్ధం చెప్పాను అనం, మేనేజ్ చేశాను అంటాం, మోసాన్ని సర్దుబాటు అంటాం, అవమానించి జోక్ చేశాను అంటాం, కోపాన్ని అదుపులో పెట్టుకోలేక నోరు జారి ఉన్నది ఉన్నట్టు మాట్లాడే మనిషిని అంటాం. ఈ మాటల్లో కొన్ని కొన్నిసార్లు నిజమే అవుతాయి, అందుకే ఇవి అంత బాగా పనిచేస్తాయి, పచ్చి అబద్ధమైతే మనకే తెలిసిపోయేది. నిజంగా పైవాళ్ళు చెప్పి ఉండొచ్చు, నిజంగా అందరూ చేస్తూ ఉండొచ్చు. తేడా పట్టుకోడానికి ఒక మార్గం ఉంది, చేసిన పనిని ఏ ముద్దు పేరూ లేకుండా మామూలు మాటల్లో, ఆ పనివల్ల నష్టపోయిన మనిషి ఎదురుగా కూర్చున్నాడనుకుని చెప్పి చూడటం. "నువ్వు చేసిన పనికి నా పేరు పెట్టుకున్నా" అని చెప్పగలిగితే చెప్పి చూడాలి, గొంతు దగ్గర ఆగిపోయిందంటే పెట్టుకున్న పేరు తప్పని అర్థం.

మనుషులు ఎంత వరకు జారతారు అన్నదాని మీద కొన్ని లెక్కలు చూస్తే ఈ మాటల బలం ఇంకా తెలుస్తుంది. 2013లో అచ్చయిన ఒక ప్రయోగంలో ఎవరూ చూడకుండా పాచిక వేసుకుని వచ్చిన అంకె చెప్తే దాన్నిబట్టి డబ్బు ఇచ్చారు, ఎంత అబద్ధం చెప్పినా పట్టుకునేవాళ్ళు లేరు. దాదాపు 39 శాతం మంది పూర్తి నిజం చెప్పారని, 20 శాతం మంది పూర్తిగా అబద్ధం చెప్పారని అంచనా వేశారు. మిగిలినవాళ్ళలో కొందరు అన్నిటికంటే ఎక్కువ డబ్బొచ్చే అంకె వదిలేసి దానికి ఒక మెట్టు కింది అంకె చెప్పారు, అబద్ధం ఆడుతూ కూడా అబద్ధాలకోరులా కనిపించకూడదు, తన కళ్ళకి కూడా. ఇంకో వైపు నుంచి చూపించేది 2019లో వచ్చిన పర్సుల ప్రయోగం, 40 దేశాల్లో 355 ఊళ్ళలో 17,000కి పైగా పర్సులు దొరికాయని చెప్పి హోటళ్ళు, బ్యాంకులు, ఆఫీసుల కౌంటర్లలో ఇచ్చి ఎన్ని పర్సుల గురించి సొంతదారుకి కబురొస్తుందో చూశారు. డబ్బులేని పర్సుల్లో 40 శాతానికి కబురొస్తే డబ్బున్నవాటిలో 51 శాతానికి వచ్చింది. డబ్బెక్కువుంటే ఆశ ఎక్కువై తిరిగివ్వరు అని అందరూ అనుకుంటారు, జరిగింది దానికి తిరగబడి. పర్సులో డబ్బుంటే ఉంచేసుకోవడాన్ని దొంగతనం అని తప్ప ఇంకో పేరుతో పిలవడం కష్టం. ఖాళీ పర్సుని మాత్రం "ఏముందిలే, మర్చిపోయా" అనేయొచ్చు. అంటే పెద్ద తప్పు దగ్గర మనిషికి కాపలా బాగానే ఉంది, చిన్న తప్పు దగ్గరే, ఇంకో పేరు పెట్టడానికి వీలున్న చోటే కాపలా లేదు.

చిన్నది చిన్నగానే ఉండిపోతే పర్లేదు. 2016లో లండన్ పరిశోధకులు ఒక డబ్బు ఆటలో తమకి లాభం వచ్చేలా అబద్ధాలు చెప్తున్నవాళ్ళ మెదడుని స్కానర్‌లో చూస్తే, మొదటి అబద్ధాలకి భావోద్వేగాలకి సంబంధించిన అమిగ్డలా అనే భాగం గట్టిగా స్పందించింది, చెప్తూ పోయేకొద్దీ ఆ స్పందన తగ్గింది, అబద్ధాల సైజు పెరిగింది. ల్యాబ్‌లో ఆట చూసి జీవితం అంతటికీ ఒక్కసారే తీర్పు చెప్పలేం కానీ, మొదటిసారి గుండె దడదడలాడిన అబద్ధం పదోసారి నీళ్ళు తాగినంత తేలికైపోవడం ఎవరికి తెలియదు. ఆ దడని పిరికితనం అనుకుని పోగొట్టుకోవడం పెద్ద నష్టం, అది ఉన్నన్నాళ్ళే మంచిది. ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఫారం చివర్లో కాకుండా మొదట్లోనే నిజమే రాస్తానని సంతకం పెట్టిస్తే జనం తక్కువ అబద్ధాలాడతారని 2012లో ఒక పేపర్ వచ్చి చాలా పేరు తెచ్చుకుంది, తర్వాత మళ్ళీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు, అందులో ఒక ప్రయోగం డేటా కల్పించినదని తేలి 2021లో ఆ పేపర్‌ని వెనక్కి తీసుకున్నారు. నిజాయితీ మీద చేసిన పరిశోధనలోనే అలా జరగడం బాధ కలిగించే విషయం. సంతకం ఎక్కడ పెట్టాలి లాంటి చిట్కాలతో మనిషి మారిపోతాడనే ఆశని కూడా దానితో పాటే వదిలేయడం మంచిది.

రోజులో ఎక్కువ తప్పులు చేతితో కాదు, నోటితో జరుగుతాయి. బౌద్ధంలో సరైన మాట గురించి చెప్పేటప్పుడు మానుకోవాల్సినవి 4 చెప్పారు, అబద్ధం, చాడీ, పరుషమైన మాట, పనికిరాని కబుర్లు. ఇందులో రెండోది జాగ్రత్తగా చూడాలి. చాడీ పూర్తిగా నిజమే అయి ఉండొచ్చు, అయినా అది అబద్ధం పక్కన అదే జాబితాలో ఉంది. "నేనేమైనా లేనిది చెప్పానా" అని మనం వాదిస్తాం, లేనిది చెప్పకపోవచ్చు, కానీ ఇద్దరి మధ్య ఉన్న స్నేహం ఆ మాటతో చెడుతుందని తెలిసి చెప్పాం, దాని కోసమే చెప్పాం. నిజం అనేది ఒక్కటే కొలత కాదు, ఎందుకు చెప్తున్నాం, ఎవరికి చెప్తున్నాం, ఆ మనిషి ఇక్కడ ఉంటే ఇదే మాట ఇలాగే చెప్తామా అన్నవి కూడా కొలతలే. లేని మనిషి గురించి మాట్లాడేటప్పుడు మన ఎదురుగా ఉన్న మనిషి కూడా ఒకటి నేర్చుకుంటాడు, నేను లేనప్పుడు నా గురించి కూడా ఇలాగే మాట్లాడతారు అని. పైకి నవ్వుతూ విన్నా ఆ రోజు నుంచి నమ్మకం కొంత తగ్గుతుంది, అది ఎందుకు తగ్గిందో మనకి ఎప్పటికీ తెలియదు.

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అనే సామెతలో నడవడికకి ఒక పెద్ద పరీక్ష దాగి ఉంది. మనకి ఏదైనా చేయగలవాళ్ళతో మర్యాదగా ఉండటం లెక్కలోకి రాదు, అది అవసరం. మనకి ఏమీ చేయలేనివాళ్ళతో, తిరిగి ఒక్క మాట అనలేనివాళ్ళతో, మళ్ళీ ఎప్పుడూ కనపడనివాళ్ళతో ఎలా ఉన్నాం అన్నదే లెక్క. కస్టమర్ కేర్ ఫోన్‌లో అవతల గొంతు మీద అరిచేవాళ్ళు అదే కంపెనీ మేనేజర్ ఎదురుగా వస్తే అలా అరవరు, కాబట్టి కోపం ఆపుకోలేకపోయాను అనే మాట నిలవదు, ఆపుకోవడం వచ్చు, ఎక్కడ ఆపుకోనక్కర్లేదో కూడా తెలుసు.

అలవాటు ఎలా పడుతుందనేదాని మీద 21 రోజులు చాలు అని ఒక మాట చాలా చోట్ల తిరుగుతుంటుంది. లండన్‌లో 96 మందిని 12 వారాల పాటు గమనించి 2010లో అచ్చయిన అధ్యయనంలో, ఒక పని ఆలోచించకుండా తనంతట తను జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషినిబట్టి, పనినిబట్టి 18 నుంచి 254 రోజుల దాకా అంచనా వచ్చింది. అవి నీళ్ళు తాగడం, వ్యాయామం లాంటి అలవాట్లు, నిజం చెప్పడం అంత సింపుల్ కాదు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. అందులోనే ఒక ఊరటనిచ్చే విషయం కూడా ఉంది, మధ్యలో ఒక రోజు తప్పినా మొత్తం పాడవ్వలేదు. ఇవాళ నోరు జారింది, ఇక నేనింతే అని వదిలేసేవాళ్ళు ఎక్కువ, అలా వదిలేయడమే జారిన దానికంటే పెద్ద దెబ్బ. మొక్కై వంగనిది మానై వంగునా అనే సామెత పిల్లల పెంపకం గురించి చెప్పడానికి బాగుంటుంది కానీ పెద్దవాళ్ళు దాన్ని తమకి సాకుగా వాడుకోకూడదు, 50 ఏళ్ళ మనిషి కూడా రేపటి నుంచి ఫోన్లో దారిలో ఉన్నా అనడం మానేయొచ్చు, దానికి వంగాల్సింది చెట్టంత ఏమీ లేదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 18వ శతాబ్దంలో 13 గుణాలు రాసుకుని, వారానికి ఒకదాని మీద దృష్టి పెడుతూ, రోజూ ఎక్కడ తప్పాడో చిన్న పుస్తకంలో చుక్కలు పెట్టుకునేవాడు, 13 వారాలకి ఒక చుట్టు, ఏడాదికి 4 చుట్లు. మొదట 12 గుణాలే రాసుకున్నాడు, నీకు గర్వం ఎక్కువ అని ఒక స్నేహితుడు మొహం మీదే చెప్పాక వినయం కలిపి 13 చేశాడు. తాను అనుకున్నదానికంటే ఎన్నో ఎక్కువ తప్పులు కనిపించాయని కూడా ఒప్పుకున్నాడు. చుక్కలు పెట్టుకోవడం అందరికీ సరిపడకపోవచ్చు, కొందరు దాంతో తమని తాము కొట్టుకోవడం మొదలుపెడతారు, అలాంటివాళ్ళు మానేయడమే మంచిది. ఆ స్నేహితుడి లాంటి మనిషి ఒకరుండటం మాత్రం ఏ పుస్తకం కంటే విలువైనది, అలాంటి మనిషి చెప్పినప్పుడు మొహం మాడ్చుకోకుండా వినగలిగితే ఇంకా.

తప్పు జరిగాక ఏం చేస్తామనేది కూడా నడవడికలో భాగమే, నిజానికి తప్పు చేయకపోవడం కంటే ఇదే ఎక్కువ సార్లు చేయాల్సి వస్తుంది. సారీ చెప్పడం చాలామందికి వచ్చు, "కానీ" లేకుండా సారీ చెప్పడం కొద్దిమందికే వచ్చు. "సారీ, కానీ నువ్వు కూడా అలా అని ఉండకూడదు" అనేది క్షమాపణ రూపంలో వచ్చిన ఫిర్యాదు. "నీకు బాధ కలిగి ఉంటే సారీ" అన్నప్పుడు తప్పు మన పనిలోంచి వాళ్ళ మనసులోకి జరిగిపోతుంది. ఏం చేశామో పేరు పెట్టి చెప్పాలి, అది తప్పు అనాలి, దిద్దగలిగింది దిద్దాలి, అక్కడితో ఆగాలి, వెంటనే క్షమించేయమని ఒత్తిడి పెట్టడం కూడా ఇంకో భారం వేయడమే. నలుగురిలో అన్న మాటకి నలుగురిలోనే సారీ చెప్పాలి, నలుగురిలో తిట్టి చాటుగా సారీ చెప్తే పోయిన పరువు తిరిగి రాదు. ఇంకా ముఖ్యం, తొందరగా చెప్పాలి. మొదటి రోజు ఒక్క వాక్యంతో పోయేది నెల దాటాక ఇంతకాలం ఎందుకు దాచావు అనే ఇంకో ప్రశ్న కూడా మోసుకొస్తుంది.

తన నడవడిక మీద పనిచేసేవాళ్ళకి వచ్చే జబ్బు ఒకటుంది, ఎదుటివాళ్ళని కొలవడం. మన తప్పుకి మన ఉద్దేశం చూస్తాం, పక్కవాళ్ళ తప్పుకి వాళ్ళ పని మాత్రమే చూస్తాం, మనం లేటయితే పరిస్థితి, వాళ్ళు లేటయితే బుద్ధి. పైన చెప్పిన ప్రయోగాలన్నీ ఎదుటివాళ్ళ వైపు తిప్పి చూస్తే జాలి కలగాలి, మనవైపు తిప్పుకుంటే జాగ్రత్త కలగాలి, చాలామంది దీన్ని తిరగేసి వాడతారు. అలాగే నిజాయితీకి పడే రేటు అందరికీ ఒకటే కాదు, ఉద్యోగం పోతే ఇల్లు గడవని మనిషి బాస్ చెప్పిన తప్పుడు లెక్క రాసినప్పుడు, ఆ మనిషినీ, అన్నీ ఉండి రాసిన మనిషినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. రాయించిన మనిషి వాటా ఎప్పుడూ పెద్దదే.

అలాంటి చోట ఒంటరిగా నిలబడటం ఎంత కష్టమో 1960ల మొదట్లో స్టాన్లీ మిల్‌గ్రామ్ ప్రయోగాలు చూపించాయి. తప్పు జవాబు చెప్పిన మనిషికి షాక్ ఇవ్వమని చెప్తే, అవతలి మనిషి గోడని బాదుతున్నట్టు వినిపిస్తున్నా, కొనసాగించండి అని పక్కన నిలబడిన పెద్దమనిషి అంటూ ఉంటే 40 మందిలో 26 మంది చివరి 450 వోల్టుల స్విచ్ దాకా వెళ్ళారు, షాకులు నిజమైనవి కావని వాళ్ళకి తెలియదు. ఈ అంకె అందరికీ తెలుసు. తక్కువమందికి తెలిసింది ఏంటంటే అదే ప్రయోగాన్ని ఇంకో రకంగా చేసినప్పుడు, పక్కన కూర్చోబెట్టిన ఇద్దరు మధ్యలో మేం చేయం అని లేచి వెళ్ళిపోయేలా ఏర్పాటు చేశారు, అప్పుడు 40 మందిలో చివరిదాకా వెళ్ళింది 4 మందే. మిషన్ అలాంటిదే, పక్కన కొనసాగించమనే పెద్దమనిషీ ఉన్నాడు. మిగతా 36 మందికి కొత్తగా ధైర్యం ఎవరూ నూరిపోయలేదు, లేవొచ్చు అని కళ్ళముందు కనిపించింది అంతే. ఆఫీసులో, ఇంట్లో, గ్రూపులో ఆ లేచే మొదటి మనిషికి మాత్రం ముందు ఎవరూ కనిపించరు, ఆ మనిషి పెద్ద ఉపన్యాసం ఇవ్వాల్సిన పని కూడా లేదు, "ఈ లెక్క నేను రాయలేనండీ, ఉన్నది ఉన్నట్టు రాసి ఇస్తాను" అని మామూలు గొంతుతో చెప్పి తన పని తను చేసుకుంటే, పక్క సీట్లో ఇదే మాట అనడానికి నెలల తరబడి ఎదురుచూస్తున్న ఇంకొకరు వింటూ ఉంటారు.